జాడీల మైదానంలో హద్దు రాళ్లు

వియెన్‌తియాన్, ఆదివారం

బ్యాంకాక్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అక్క కొడుకు "లావోస్ చూపిస్తా, రా పిన్నీ" అన్నప్పుడు వాడి మనసులో ఉన్నవి లువాంగ్ ప్రబాంగ్ బౌద్ధ ఆరామాలు, మెకాంగ్ మీద పడవ షికారు. నేను మాత్రం ఉత్తరాన ఉన్న సియెంగ్ ఖువాంగ్ రాష్ట్రానికి వెళ్దామన్నాను. ఉద్యోగమంతా మండల సర్వేయరుగా పొలం గట్ల మీద తిరిగినదాన్ని. వియత్నాం యుద్ధ కాలంలో బాంబులు పడ్డ పొలాలను ఒక దేశం ముక్కలు ముక్కలుగా కొలిచి, శుభ్రం చేసి, రైతులకు తిరిగి అప్పగిస్తోందని చదివిన దగ్గర్నుంచి ఆ పని కళ్లారా చూడాలని నా కోరిక. వాడికి థాయ్ బాగా వచ్చు. అది వస్తే లావో వాళ్లతో మాట్లాడటం పెద్ద కష్టం కాదు కాబట్టి ఈ ప్రయాణమంతా వాడే నా దుబాసీ.

మధ్యాహ్నం కోప్ సందర్శకుల కేంద్రానికి వెళ్లాం. యుద్ధం అయిపోయాక పేలిన బాంబుల వల్ల కాళ్లూ చేతులూ పోయినవాళ్లకు కృత్రిమ అవయవాలు అమర్చే సంస్థ అది. పునరావాస ఆసుపత్రి ఆవరణలోనే ఉంది. లోపల గదిలో ఒక పెద్ద బాంబు గుల్ల రెండుగా విచ్చుకుని ఉంటుంది. దాని కింద చిన్న బాంబులు వాన పడుతున్నట్టు తీగలకు వేలాడుతుంటాయి. ఇక్కడి వాళ్లు వాటిని 'బోంబీ' అంటారు. వాటిలో ఎక్కువగా కనిపించే రకం టెన్నిస్ బంతి సైజులో ఉంటుంది. దాని పెంకులో సుమారు 300 ఉక్కు గుళ్లు పొదిగి ఉంటాయి. అలాంటివి ఒక్కో గుల్లలో 670 దాకా పట్టేవి.

1964 నుంచి 1973 దాకా అమెరికా ఈ దేశం మీద 5,80,000 సార్లు విమానాలు పంపి 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. తొమ్మిదేళ్ల పాటు, రాత్రీ పగలూ, సగటున ఎనిమిది నిమిషాలకు ఒక విమానం లోడు. అందులో బోంబీలే 27 కోట్లు. మూడో వంతుకు దగ్గరగా నేల తాకినా పేలలేదు. అంటే 8 కోట్ల దాకా మట్టిలో మిగిలిపోయాయి. అప్పటికి లావోస్ తటస్థ దేశం, 1962లో జెనీవాలో పెద్ద దేశాలన్నీ సంతకాలు చేసి ఒప్పుకున్న తటస్థత అది. ఉత్తర వియత్నాం తన దళాలను, సామగ్రిని దక్షిణానికి పంపిన హో చి మిన్ దారి ఈ దేశపు దక్షిణ కొండల గుండా పోయింది. ఉత్తరాన లావో కమ్యూనిస్టుల పాథెట్ లావో దళాల స్థావరాలు ఉన్నాయి. యుద్ధ ప్రకటన లేకుండానే బాంబులు పడ్డాయి.

ఒక గోడకు పాత కాళ్లు వరసగా తగిలించి ఉన్నాయి. ఊళ్లో వాళ్లు తమకు తామే చేసుకున్నవి: వెదురు, కర్ర, కొన్నింటికి బాంబు గుల్ల రేకు. కొత్త కాలు అమర్చుకున్నాక పాతది ఇక్కడ వదిలి వెళ్లారట. ఒకటి మరీ చిన్నది. మా వాడు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను పిలవలేదు.

లువాంగ్ ప్రబాంగ్, సోమవారం

2021 డిసెంబరులో మొదలైన కొత్త రైలు. వియెన్‌తియాన్ నుంచి ఇక్కడికి రెండు గంటలే. కొండలను తొలుచుకుంటూ సొరంగం తరవాత సొరంగం. ఊరు అందమైనదే, దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను రాయను. నా మనసుకు పట్టింది ఒక్కటే. ఈ రైలు పట్టాలు వేసే ముందు దారి పొడవునా నేలలో బాంబుల కోసం వెతికారు. మన దగ్గర బడికైనా, ఆసుపత్రికైనా, చెరువు తూముకైనా అంచనా వేసేటప్పుడు మట్టి పని దగ్గర మొదలుపెడతాం. ఇక్కడ ఆ మట్టి తవ్వడానికి ముందే ఒక ఖర్చు ఉంది. ఈ దేశంలో ప్రతి గోడా ఆ మేరకు ఖరీదెక్కే లేస్తుంది.

ఫోన్సవాన్, మంగళవారం

రోజంతా వ్యానులోనే. ఫూ ఖూన్ కూడలి దగ్గర తూర్పుకు తిరిగి ఏడో నంబరు రోడ్డు పట్టాం. ఒకటే మలుపులు. చీకటి పడేసరికి ఫోన్సవాన్. వెయ్యి మీటర్లకు పైగా ఎత్తు కావడంతో ఫిబ్రవరిలో చలి గట్టిగానే ఉంది. సియెంగ్ ఖువాంగ్ పాత రాజధాని బాంబుల్లో నేలమట్టమయ్యాక కట్టుకున్న ఊరు ఇది. హోటళ్ల గుమ్మాల దగ్గర మనిషెత్తు బాంబు గుల్లలు నిలబెట్టారు. కొన్నింట్లో పూల మొక్కలు ఉన్నాయి. వేడి వేడి నూడుల్స్ పులుసు తాగి పడుకున్నాం.

జాడీల మైదానం, బుధవారం

గడ్డి మైదానంలో వందల కొద్దీ రాతి జాడీలు. కొన్ని మనిషి కంటే ఎత్తు. ఇనప యుగపు మనుషులు అంత్యక్రియల కోసం తొలిచినవని పరిశోధకులు చెబుతారు. 2019లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. రెండు వేల ఏళ్లు దాటిన ఈ రాళ్ల మధ్యనే బాంబు గుంతలు, సైనికులు తవ్వుకున్న కందకాలు. ఒక జాడీ అంచు పగిలి ఉంటే, అది కాలం చేసిన పనో బాంబు చేసిన పనో చూపుతో చెప్పలేం.

నా కళ్లు మాత్రం కిందే తిరిగాయి. కాలిబాట పొడవునా నేలలో పాతిన చిన్న దిమ్మెలు. ఒక పక్క తెలుపు, ఒక పక్క ఎరుపు. మాగ్ అనే సంస్థ 1994 నుంచి ఈ దేశంలో బాంబుల ఏరివేత చేస్తోంది. ఇవి వాళ్లు పాతినవే. తెలుపు వైపు నేల లోతుగా వెతికి శుభ్రం చేసినది. ఎరుపు వైపు పైపైన కనబడినవి మాత్రమే తీశారు, లోపల వెతకలేదు. నేను పాతించిన సర్వే రాళ్లు ఒకరి పొలానికీ ఇంకొకరి పొలానికీ నడుమ ఉండేవి. వాటిని రాత్రికి రాత్రి జరిపిన వాళ్లను ఎంతమందిని చూశానో! ఈ దిమ్మెను జరిపితే కోర్టులో తేలే తగాదా కాదు. ఫొటో కోసం ఒక అడుగు పక్కకు వేయబోయిన మా వాడిని "అక్కడే ఆగు నాన్నా" అని గట్టిగానే కేకేశాను. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు.

ఎరుపు వైపు గేదెలు మేస్తున్నాయి, వాటి వెనక ఒక పిల్లవాడు. మా గైడు అతన్ని పేరుతో పలకరించాడు. ప్రమాదమని తెలియక కాదు, వేరే మేత బీడు లేక. వచ్చేవాళ్లకు దిమ్మెలు చాలు. ఇక్కడే బతికేవాళ్లకు భూమి కావాలి.

ఫోన్సవాన్ దగ్గర ఒక పల్లె, గురువారం

ఏరివేత జరుగుతున్న పొలం చూడటానికి ముందే అనుమతి అడిగి పెట్టుకున్నాం. రోడ్డు పక్క గుడారంలో మా పేర్లు, బ్లడ్ గ్రూపులు రాసుకున్నారు. దగ్గర్లోని ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో చెప్పారు. బరువైన కవచాలు తొడిగించారు. ఎక్కడ నడవాలి, ఏదైనా జరిగితే ఎలా కదలకుండా ఉండాలి అన్నది రెండుసార్లు చెప్పి మా చేత చెప్పించుకున్నారు. బృందంలో ఎక్కువమంది ఆడవాళ్లు, చుట్టుపక్కల పల్లెల వాళ్లే. నాయకురాలికి ముప్పై ఏళ్లుంటాయేమో. నేను సర్వేయరునని మా వాడు చెప్పగానే ఆమె తన పటం తెచ్చి బల్ల మీద పరిచింది. ఇక మాకు దుబాసీ అవసరం పెద్దగా పడలేదు.

మొదట ఊరి పెద్దలను, రైతులను కూర్చోబెట్టి ఎక్కడ బోంబీలు కనబడ్డాయో, ఎక్కడ ఎవరికి దెబ్బ తగిలిందో అడుగుతారు. విమానాల దాడుల పాత రికార్డులు ఉన్నా అవి దిక్కు చూపుతాయి గానీ చోటు చూపవు. తరవాత పటం మీద 50 మీటర్ల చదరాలు గీస్తారు. ఒక్కో చదరం 2,500 చదరపు మీటర్లు, మన లెక్కలో ఇంచుమించు 62 సెంట్లు. మెటల్ డిటెక్టరుతో ఆ చదరంలోకి దిగుతారు. ఒక్క బోంబీ దొరికిందా, ఆ చదరం ఎర్రబడుతుంది, పని ఆపి పక్క చదరానికి పోతారు. బోంబీ ఒంటరిగా పడదు కదా. గుల్ల గాలిలో విచ్చుకుంటే వందలు ఒక్కసారే చల్లుకుపోతాయి. అందుకే ఎర్ర చదరాల గుంపు చుట్టూ గీత గీస్తే ఆనాడు ఏ గుల్ల ఎక్కడ విచ్చుకుందో దాని నీడ పటం మీద తేలుతుంది. ఆ గీత లోపలిది నిర్ధారిత ప్రమాద ప్రాంతంగా రికార్డులకెక్కుతుంది.

ఆ పటాన్ని నేను తదేకంగా చూస్తూ ఉండిపోయాను. మా ఆఫీసులో ఎఫ్‌ఎంబీ అనే పొలాల కొలతల పుస్తకాల్లో ప్రతి పొలం గీతల వెనకా ఒక కుటుంబం, ఒక తగవు, ఒక పెళ్లి ఖర్చు ఉండేవి. ఇక్కడి గీతల వెనక ఒక పైలట్ మీట నొక్కిన క్షణం ఉంది. వియత్నాం మీద వేయలేక మిగిలిన బాంబులను థాయ్‌లాండ్ స్థావరాలకు తిరిగి వెళ్లే దారిలో ఇక్కడ వదిలేసిన విమానాలు కూడా ఉన్నాయట.

సర్వే అయ్యాక ఏరివేత. తాళ్లు కట్టి సన్నని బాటలు విడదీసి, ఒక్కొక్కరు ఒక్కో బాటలో డిటెక్టరు ఆడిస్తూ ముందుకు సాగుతారు. అది కూసిన ప్రతిచోటా మోకాళ్ల మీద కూర్చుని, పక్క నుంచి చిన్న తాపీతో మట్టి తొలగించి చూడాలి. పైనుంచి పొడవకూడదు. వ్యవసాయ భూమిలో 25 సెంటీమీటర్ల లోతు దాకా వెతుకుతారు. నాగలి, పార అంతకు మించి దిగవన్న లెక్కతో. మేం చూసినంతసేపూ మేకు, రేకు ముక్క, బాంబు పెంకు, మళ్లీ మేకు. ప్రతిదానికీ అదే జాగ్రత్త, అదే ఓపిక. ఒకామె మట్టి తీస్తుంటే నేను నా వేళ్లు గట్టిగా బిగించుకుని ఉన్నానని తరవాత గమనించాను.

పదకొండు దాటాక ఎడమ చివర బాటలో చెయ్యి లేచింది. బోంబీ. తుప్పు పట్టి, మట్టి రంగులో కలిసిపోయి, చెబితే తప్ప రాయే అనుకుంటాం. దాన్ని కదపరు, ఎత్తరు. గుర్తు పెట్టి, చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, పని ముగిశాక ఉన్నచోటే పేల్చేస్తారు. సాయంత్రం మైకులో ఊరికంతా చెప్పారు. దారుల మీద కాపలా నిలబెట్టారు. ఒక ముసలాయన తన ఆవును తోలుకుంటూ తీరిగ్గా అవతలికి పోయేదాకా అందరూ ఆగారు. తరవాత అంకెలు లెక్కపెట్టారు. శబ్దం అనుకున్నంత పెద్దది కాదు, కానీ కడుపులో తగిలింది. పల్లెలో కుక్కలు కూడా మొరగలేదు. అలవాటై ఉంటుంది.

ఆ పొలం రైతు కూడా వచ్చాడు. ఈ మడిని వాళ్ల నాన్న కాలం నుంచీ దున్నుతూనే ఉన్నారట. దొరికిన బోంబీలను మెల్లగా గట్టు మీద పెట్టేవారట. ఇప్పుడు శుభ్రమైందని కాగితం ఇస్తే ఏం చేస్తారని అడిగించాను. చేపల చెరువు తవ్వుతానన్నాడు. ఇన్నాళ్లూ పైపైన గీకి వరి పండించుకున్నాడే తప్ప లోతుగా గునపం దించడానికి ధైర్యం చాలలేదు. పేదరికానికి ఇలాంటి కారణం ఒకటి ఉంటుందని నా ఉద్యోగకాలంలో ఎన్నడూ అనుకోలేదు. భూమి ఉంది, నీళ్లు ఉన్నాయి, చేవ ఉంది, తవ్వడానికి మాత్రం వీల్లేదు.

థామ్ పియూ, శుక్రవారం

మువాంగ్ ఖామ్ వైపు వెళ్తుంటే కొండవాలుల మీద అక్కడక్కడా పొగ. పోడు కోసం పొదలు నరికి తగలబెట్టే కాలం ఇది. నేలలో బోంబీ ఉంటే మంట వేడికే పేలుతుంది. చలి కాచుకోవడానికో, వంటకో పెరట్లో నిప్పు రాజేసి ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. వెదురు కొమ్ముల కోసం తవ్వుతూ పోయినవాళ్లున్నారు. బంతి అనుకుని విసురుకున్న పిల్లలు, పాత ఇనుము అమ్ముకుందామని ఏరిన పిల్లలు ఉన్నారు. 1964 నుంచి ఇప్పటి దాకా చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి 50,000 పైనే. అందులో 20,000 మంది దాకా యుద్ధం ముగిశాక. 2008లో కూడా ఒక్క ఏడాదిలో 300 మంది దెబ్బతిన్నారు. ఇప్పుడు ఆ సంఖ్య ఏటా కొన్ని పదులకు దిగింది. ఏరివేత వల్ల, బడుల్లో పిల్లలకు చెప్పడం వల్ల దిగింది. ఈ పనితో ఏం లాభమని ఎవరైనా అడిగితే నేను ఈ తేడానే చూపిస్తాను.

థామ్ పియూ గుహలో పల్లెజనం తలదాచుకునేవారు. లోపల వైద్యం చేసేవారు, పిల్లలకు చదువు చెప్పేవారు. 1968 నవంబరు 24న ఒక యుద్ధ విమానం రాకెట్‌ను గుహ నోట్లోకి కొట్టింది. 374 మంది చనిపోయారని స్మారకం దగ్గర చెబుతారు. మెట్లెక్కి వెళ్తే లోపల నల్లబడిన రాయి, పేర్చిన రాళ్ల గుట్టలు, అగరుబత్తులు. నేనూ ఒకటి వెలిగించాను. దీని గురించి ఇంతకంటే రాయడానికి నాకు చేతకాదు.

మువాంగ్ ఖూన్, శనివారం

సియెంగ్ ఖువాంగ్ పాత రాజధాని ఇదే. వాట్ పియా వాట్ అనే బౌద్ధ ఆలయంలో కప్పు లేదు, గోడలు లేవు. కొన్ని ఇటుక స్తంభాల మధ్య పెద్ద బుద్ధుడు, దెబ్బతిన్న ముఖంతో అలాగే కూర్చుని ఉన్నాడు. తిరిగి వస్తూ బాన్ నాపియాలో ఆగాం. విమానాల, బాంబుల అల్యూమినియం కరిగించి స్పూన్లు పోసే పల్లె. మా వాడు అరడజను కొన్నాడు. నాకు మనస్కరించలేదు. పాత ఇనుము ఏరబోయి పోయిన పిల్లల లెక్క నిన్ననే విన్నాను కదా. అలాగని అమ్మేవాళ్లను తప్పు పట్టను. వాళ్ల మీద పడినదాన్నే వాళ్లు అమ్ముకుంటున్నారు.

వియెన్‌తియాన్, ఆదివారం

విమానంలో రాజధానికి తిరిగొచ్చాం. సాయంత్రం మెకాంగ్ గట్టు మీద కూర్చున్నప్పుడు మా వాడు అడిగాడు: "ఒప్పందం ప్రకారం 2030కి అయిపోవాలి కదా పిన్నీ, అవుతుందంటావా?"

క్లస్టర్ బాంబులను, అంటే బోంబీలను చల్లే ఇలాంటి గుల్లలను, నిషేధించే ఒప్పందం మీద 2008 డిసెంబరు 3న ఓస్లోలో సంతకాలు మొదలైనప్పుడు మొదటి రోజే సంతకం చేసిన దేశాల్లో లావోస్ ఒకటి. 2010 ఆగస్టు 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది. సభ్యదేశాల మొదటి సమావేశం ఆ నవంబరులో ఈ ఊళ్లోనే జరిగింది. నాలుగో అధికరణం ప్రకారం ప్రతి సభ్యదేశం తన నేలను పదేళ్లలో శుభ్రం చేసుకోవాలి. లావోస్‌కు ఆ గడువు 2020 ఆగస్టు 1. కాలేదు. 2025 దాకా పొడిగించారు. అదీ చాలలేదు. ఇప్పుడు 2030 ఆగస్టు 1. ఈ దేశంలో ఏటా శుభ్రమయ్యేది 50 చదరపు కిలోమీటర్ల చుట్టుపక్కల. సర్వేలో ఇప్పటిదాకా తేలిన ప్రమాద ప్రాంతం వెయ్యి చదరపు కిలోమీటర్లు ఎప్పుడో దాటింది, సర్వే ఇంకా పూర్తి కాలేదు. ఇక కొత్తగా ఒక్క ఎర్ర చదరమూ తేలదనుకున్నా ఇరవై ఏళ్లకు పైబడిన పని. అవ్వదురా అని చెప్పాను.

దీన్ని మాట తప్పడం అనేవాళ్లతో నాకు గట్టి పేచీ ఉంది. మొజాంబిక్ 2016లో పూర్తి చేసింది, క్రొయేషియా 2020లో, బోస్నియా 2023లో. బాగా చేశారు. కానీ జర్మనీని చూడండి. ఒకప్పటి సోవియట్ శిక్షణ క్షేత్రం విట్‌స్టాక్‌లో 11 చదరపు కిలోమీటర్లు, అంతే. అంత డబ్బు, అన్ని యంత్రాలు ఉండి కూడా గడువు రెండుసార్లు పొడిగించుకుని అదే 2030కి చేరింది. నేల పని నేల పద్ధతిలోనే నడుస్తుంది. మా శాఖలో కూడా రీసర్వేకి పైనుంచి తేదీలు వచ్చేవి. తేదీ కోసం కొలత వదిలేసిన ఊళ్లలో తగవులు ఇప్పటికీ తెగలేదు. ఇక్కడ కొలత వదిలేస్తే తగవు రాదు, శవం లేస్తుంది.

నన్ను బాధించేది గడువు కాదు, ఆ బరువు ఎవరి మీద పడిందన్నది. ఒప్పందం ప్రకారం శుభ్రం చేయాల్సింది బాంబులు ఎవరి నేలలో ఉన్నాయో వాళ్లు. ఒప్పందంలో చేరిన దేశాల్లో గతంలో ఎవరైనా వేసి ఉంటే సాయం చేయమని గట్టిగా ప్రోత్సహిస్తుందే తప్ప, చేసి తీరాలని అనదు. అమెరికా అసలు చేరనే లేదు, కాబట్టి ఆ ప్రోత్సాహం కూడా దానికి వర్తించదు. డబ్బు ఇచ్చింది, ఎక్కువ ఇచ్చిన దేశాల్లో అదొకటి, కాదనను. 2016లో ఒబామా ఈ ఊరు వచ్చి, కోప్ కేంద్రంలో నడిచి, మూడేళ్లకు 9 కోట్ల డాలర్లు ప్రకటించాడు. కానీ ఇష్టపడి ఇచ్చేది ఇష్టం మారితే ఆగుతుంది. 2025 జనవరిలో విదేశీ సాయం ఒక్కసారిగా నిలిపేసినప్పుడు ఏరివేతకు ఇచ్చే డబ్బూ ఆగింది. గురువారం చూసిన అమ్మాయిల లాంటి వాళ్లు డిటెక్టర్లు పక్కన పెట్టి ఇళ్లలో కూర్చున్నారు. ఒక బృందం చెదిరితే మళ్లీ కూర్చడానికి నెలలు పడుతుంది. అందుకే సాయం చేసే ప్రతి దేశం ఏడాదికి ఏడాది తలుచుకుని ఇవ్వడం మాని, గడువు ఎంతో అంతకాలానికీ ముందే రాసివ్వాలి. పొడిగింపుకు ఓటేసేవాళ్లు ఆ పొడిగింపు ఖర్చులోనూ వాటా తీసుకోవాలి.

ఇంకో పక్క ఆ బాంబులు ఇంకా పుడుతూనే ఉన్నాయి. 2023లో అమెరికా వాటిని ఉక్రెయిన్‌కు పంపింది. అంతకు ముందు నుంచే రష్యా అక్కడ వాడుతోంది. 2025 మార్చిలో లిథువేనియా ఈ ఒప్పందం నుంచి బయటికి పోయింది. అలా పోయిన మొదటి దేశం అదే.

"మరి మనం?" అన్నాడు వాడు. మనం సంతకం చేయలేదు. రష్యా, చైనా, పాకిస్తాన్ కూడా చేయలేదు. కానీ మనకు లావోస్‌తో ఒక ప్రత్యేకమైన లెక్క ఉంది. 1954 జెనీవా ఒప్పందాల తరవాత ఇక్కడి శాంతిని పర్యవేక్షించడానికి వేసిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్ష స్థానం భారతదేశానిదే. కెనడా, పోలాండ్ సభ్యులు. మన అధికారులు ఈ ఊళ్లోనే కూర్చుని నివేదికలు రాస్తుండగా ఆ కొండల మీద బాంబులు పడ్డాయి. ఆపడం ఆనాడు మన చేతుల్లో లేకపోయి ఉండవచ్చు. సంతకం పెట్టడం మాత్రం ఈనాడు మన చేతుల్లోనే ఉంది. అది తేలేదాకా డిటెక్టర్లు, జీపులు, జీతాలు పంపడానికి ఏ సంతకమూ అక్కర్లేదు. ఇంటికి వెళ్లాక మా ఎంపీకి ఈ రెండు మాటలూ ఉత్తరం రాస్తానని వాడికి చెప్పాను. ముసాయిదా అక్కడే మొదలుపెట్టాను.